మోజెల్ ఒడ్డున కుసానుస్ గారి ఆశ్రమం, లైబ్రరీ టూర్: రివ్యూ, పేర్ల గోలతో సహా

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగున్నర. ఆ తగ్గిన అర కూడా అక్కడివాళ్ల తప్పేం కాదు, ఆరొందల ఏళ్ల కిందట పుట్టిన కుసానుస్ అనే చర్చి పెద్దకి, తత్వవేత్తకి భాషకో పేరు పెట్టి వదిలేసిన మిగతా ప్రపంచానిది. ఇంగ్లీషులో చదువుకున్న నికొలస్ ఆఫ్ కూసా అన్న పేరు పట్టుకుని ఆ ఊరెళ్తే ఒక్క బోర్డు మీదా ఆ పేరు కనపడదు, అక్కడి బోర్డు మీద పేరు పట్టుకుని ఇంగ్లీషు లైబ్రరీలో వెతికితే సగం పుస్తకాలు రావు. అందుకే ఈ రివ్యూలో సగం చోటు గురించి, సగం పేరు గురించి ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

చోటు: బెర్న్‌కాస్టెల్-కూస్, జర్మనీలో మోజెల్ నది మీద. మనవాళ్లు మోజెల్ ట్రిప్ అనగానే కోఖెమ్ కోట, తర్వాత బెర్న్‌కాస్టెల్ మార్కెట్ చౌక్‌లో చెక్క దూలాల ఇళ్ల ముందు ఫొటోలు, ఒక గ్లాసు రీస్లింగ్ వైన్, కారెక్కేయడం. బెర్న్‌కాస్టెల్, కూస్ నిజానికి నదికి అటొకటి ఇటొకటి ఉన్న రెండు ఊళ్లు, 1905లో కలిపేశారు. జనమంతా బెర్న్‌కాస్టెల్ వైపే తిరుగుతారు, వంతెన దాటి కూస్ వైపు వచ్చేవాళ్లు తక్కువ. ఆ వంతెన దిగగానే కూస్ వైపు ఉన్న పాత గోతిక్ కట్టడమే నేను చెప్పేది, సాంక్ట్ నికోలౌస్ హాస్పిటల్, జనం వాడుకలో కుసానుస్ ష్టిఫ్ట్, అంటే కుసానుస్ ధర్మసంస్థ.

హాస్పిటల్ అన్నారని జ్వరం గోలీల కోసం వెళ్లకండి. ఇది 1458లో కుసానుస్ పెట్టిన ఆశ్రమం, ముసలివాళ్లయిన పేద మగవాళ్లకి తిండీ నీడా ఇవ్వడానికి. సరిగ్గా ముప్పై ముగ్గురికి, ఎందుకంటే క్రీస్తు బతికింది ముప్పై మూడేళ్లని లెక్క. అందులో ఆరుగురు పూజారులు, ఆరుగురు కులీనులు, మిగతా ఇరవై ఒక్కరు మామూలు జనం, వయసు యాభై దాటుండాలి. మరి డబ్బెక్కడిది అంటే ద్రాక్షతోటలు, అవి ఇప్పటికీ ఆ సంస్థవే. ఇంకా గొప్ప సంగతి, అది ఇప్పటికీ వృద్ధాశ్రమమే. మనం కెమెరాలు పట్టుకుని వరండాల్లో తిరుగుతుంటే లోపల నిజంగా తాతలూ అమ్మమ్మలూ ఉంటున్నారు, కాబట్టి గోల చెయ్యకండి బాబూ, పిల్లల్ని కొంచెం పట్టుకోండి.

ఇక్కడే మొదటి పేరు చిక్కు. సాంక్ట్ నికోలౌస్ అంటే మన మనిషి కాదు, ఆయనకంటే వెయ్యేళ్ల ముందు మైరా ఊళ్లో ఉన్న సెయింట్ నికొలస్, క్రిస్మస్ తాత కథలకి మూలపురుషుడు. పెట్టిన మనిషి పేరూ నికోలౌసే, ఎవరి పేరు మీద పెట్టాడో ఆ సెయింటూ నికోలౌసే. పోనీ అని మ్యాప్‌లో కుసానుస్ హాస్పిటల్ అని కొడతారా, ఆ పేరుతో నిజమైన ఆసుపత్రి కూడా ఊళ్లోనే ఉంది, అక్కడికెళ్లి లైబ్రరీ ఎక్కడండీ అంటే నర్సు మీ బీపీ చూస్తుంది. ఇంకా నికోలౌస్ ఫాన్ కూస్ గిమ్నాజియుమ్ అని స్కూలుంది, పక్కనున్న విట్లిఖ్‌లో కుసానుస్ గిమ్నాజియుమ్ అని ఇంకో స్కూలుంది. మ్యాప్‌లో సాంక్ట్ నికోలౌస్ హాస్పిటల్ అనో, కుసానుస్ ష్టిఫ్ట్ అనో కొట్టండి, తిన్నగా తీసుకెళ్తుంది.

ఇంతకీ ఎవరీయన అంటారా. 1401లో ఇదే కూస్‌లో పుట్టాడు, తండ్రి మోజెల్ మీద పడవలు నడిపిన వ్యాపారి. హైడెల్‌బెర్గ్‌లో కొంచెం, తర్వాత ఇటలీలో పాదువాలో చర్చి లా చదివి 1423లో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. లాయరుగా మొదలై, బాజెల్ కౌన్సిల్ అనే చర్చి మహాసభలో చర్చి రాజకీయాల్లో దిగి, 1437లో కాన్‌స్టాంటినోపుల్ దాకా ఓడలో వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు సముద్రం మీద తనకి తట్టిందని చెప్పుకున్న ఆలోచనతో 1440లో ఒక పుస్తకం పూర్తిచేశాడు, డే డొక్టా ఇగ్నొరాంశియా. మనకి తెలీదన్న సంగతి బాగా తెలుసుకోవడమే తెలివి అన్నది దాని సారం. వృత్తాన్ని పెంచుకుంటూ పోతే దాని అంచు వంపు తగ్గి తగ్గి, అనంతం దగ్గర తిన్నటి గీతైపోతుంది, అక్కడ ఎదురెదురు విషయాలు కలిసిపోతాయి అంటాడు. భూమి విశ్వానికి నడిమధ్యన కదలకుండా కూర్చోలేదు, అసలు విశ్వానికి అలాంటి నడిమధ్యం అంటూ లేదు అని కూడా అందులోనే రాశాడు, అప్పటికి కోపర్నికస్ పుట్టడానికే ఇంకా ముప్పై మూడేళ్లుంది. తర్వాత కార్డినల్, అంటే చర్చిలో పోప్ తర్వాతి వరుస పెద్ద, అయ్యాడు, ఆల్ప్స్ కొండల్లో బ్రిక్సెన్‌కి బిషప్ అయ్యాడు, అక్కడి డ్యూక్‌తో గొడవలు పడ్డాడు, 1464 ఆగస్టు 11న ఇటలీలో తోడి అనే ఊళ్లో పోయాడు.

అన్నీ మంచే చెప్తే రివ్యూ ఎలా అవుతుంది, ఇదీ వినండి. 1451లో పోప్ ప్రతినిధిగా జర్మన్ దేశాలన్నీ తిరిగినప్పుడు యూదులు బట్టల మీద గుర్తు వేసుకుని తిరగాల్సిందే అని హుకుం జారీ చేసిన మనిషి కూడా ఈయనే. తర్వాత మతాల మధ్య సహనం గురించి గొప్పగా రాసిన పెన్నుతోనే అదీ రాశాడు. ఈ రెండూ బుర్రలో పెట్టుకుని లోపలికెళ్తే బాగుంటుంది, లేకపోతే బయటికొచ్చేసరికి ఊరికే దండం పెట్టాలనిపిస్తుంది.

లోపల సంగతి. చుట్టూ కమాను వరండా, మధ్యలో తోట, పక్కన ప్రార్థన మందిరం. మందిరం పైకప్పు మొత్తం మధ్యలో ఉన్న ఒక్క స్తంభం మీద విచ్చుకుని ఉంటుంది, కాసేపు తలెత్తి చూస్తూ ఉండిపోవచ్చు. ఆయన సమాధి రోమ్‌లో సాన్ పియెత్రో ఇన్ వింకొలీ చర్చిలో ఉంది, గుండె మాత్రం ఇక్కడికి తెచ్చారు, నేల మీద ఇత్తడి రేకు ఉంది చూడండి. బలిపీఠం వెనక బొమ్మలో దాతగా ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఉంటాడు. ఆ బొమ్మ దగ్గర తొందరపడకండి.

అసలు ఆకర్షణ లైబ్రరీ. అది టూర్‌లోనే చూపిస్తారు, మనంతట మనం వెళ్లలేం, టైమింగ్స్ సైట్‌లో చూసుకుని పోవాలి, ఇంగ్లీషు టూర్ కావాలంటే ముందే మెయిల్ పెట్టి అడగడం మంచిది. మేం కలిసిన గుంపుకి జర్మన్‌లోనే చెప్పారు, నా బీ వన్ లెవెల్ జర్మన్‌కి ముప్పాతిక అర్థమైంది, మిగతాది మావాళ్లకి నేనే కల్పించి చెప్పా అని మా ఆవిడ అనుమానం. చిన్న గదే కానీ అందులో మూడొందలకి పైగా చేతిరాత పుస్తకాలు, ఎక్కువ భాగం ఆయన సొంతంగా పోగేసుకున్నవి, వీలునామాలో ఈ ఆశ్రమానికి ఇచ్చేశాడు. ఎన్ని యుద్ధాలొచ్చాయి, ఎంతమంది రాజులు మారారు, ఐదున్నర శతాబ్దాల పాటు ఒక మనిషి సొంత పుస్తకాలు ఆయన పెట్టమన్న చోటే ఉండటం నాకైతే ఎక్కడా కనపడలేదు. అన్నీ మిగల్లేదులెండి, పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో కొన్ని అమ్ముడుపోయి లండన్ చేరాయి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో హార్లీ సేకరణలో ఉన్నాయి. పుస్తకాల మార్జిన్లలో ఆయన సొంత చేత్తో రాసుకున్న నోట్సు ఉంటాయి, అక్షరాలు చిన్నవి, బాగా ఇరికించి రాసేవాడు. వీటితో పాటు 1444లో న్యూరెంబెర్గ్‌లో కొన్న ఖగోళ పరికరాలు కూడా ఉన్నాయి, చెక్కతో చేసిన ఆకాశ గోళం, ఆస్ట్రోలేబ్, టోర్క్వేటుమ్. ఆ గోళం ఒక్కటి చాలు, పెట్రోలు ఖర్చు వసూలైపోయినట్టే.

ఇప్పుడు పేరు. నాతో వచ్చిన మా బావమరిది ఇక్కడే జర్మనీలో ఒక యూనివర్సిటీలో ఇంగ్లీషు మీడియం మాస్టర్స్ చేస్తున్నాడు, సైన్సు చరిత్ర మీద టర్మ్ పేపర్ రాయాలి, దాంట్లో ఈయన ఉన్నాడు. కార్లో మొదలెట్టాడు.

"బావా, ఈయన ఇంటిపేరు కూసా కదా?"

"కాదురా, అది ఊరు, కూస్‌కి లాటిన్ పేరు."

"మనక్కూడా ఊరేగా ఇంటిపేరు, నిడదవోలు, మంగళంపల్లి?"

"మన ఇంటిపేరు తాతల నుంచి మనవళ్ల దాకా పోతుంది, ఈయన కూసా ఈయనతోనే సరి."

నిజానికి ఆయనకి ఇంటిపేరు ఉంది. తండ్రి పేరు యోహాన్ క్రెబ్స్, పాత రాతలో క్రిఫ్ట్స్. క్రెబ్స్ అంటే జర్మన్‌లో పీతజాతి జీవి, 1416లో హైడెల్‌బెర్గ్ యూనివర్సిటీ రిజిస్టర్లో చేరినప్పుడు లాటిన్‌లో నికొలౌస్ కాన్సెర్ అని రాయించుకున్నాడు, పక్కన ఊరి పేరు. మావాడి ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ యాప్ దీన్ని చక్కగా నికొలస్ క్యాన్సర్ అని చెప్పింది, జర్మన్‌లో జబ్బుకీ జీవికీ ఒకటే మాట మరి. కార్డినల్ అయ్యాక ఆయన చిహ్నం మీద పెట్టుకున్నది కూడా అదే, పసుపు మీద ఎర్రటి తోకపీత, మన రొయ్యకీ ఎండ్రకాయకీ మధ్యరకం. పడవవాడి కొడుకు కార్డినల్ అయ్యి ఇంటిపేరు దాచుకోకుండా డాలు మీద వేయించుకున్నాడంటే నాకు ఆయన మీద గౌరవం అక్కడే పెరిగింది. ఆశ్రమంలో ఆ పీత ఎక్కడెక్కడ ఉందో వెతకండి, పిల్లలకి ఇంతకంటే మంచి కాలక్షేపం దొరకదు అక్కడ.

ఇంగ్లీషులో రాసేవాళ్ల కోసం చెప్తున్నా, మొదటిసారి నికొలస్ ఆఫ్ కూసా అని పూర్తిగా రాయండి, తర్వాత నుంచి కుసానుస్ అనో, నికొలస్ అనో ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే వాడండి. ఒట్టి కూసా అని మాత్రం రాయొద్దు. కూసా ఇలా అన్నాడు అంటే ఊరు మాట్లాడినట్టు ఉంటుంది, అలా రాసే ఇంగ్లీషు వ్యాసాలు లేకపోలేదు, అయినా లియొనార్డోని డా విన్చీ అన్నప్పుడు ఎక్స్‌పర్టులు మొహం ఎలా పెడతారో ఇక్కడా అలాగే పెడతారు. కుసానుస్ అంటే లాటిన్‌లో కూసావాడు అని, అది ఒంటిగా నిలబడుతుంది, అందుకే అందరికీ ఇష్టం. ఇంగ్లీషువాళ్లు కూడా పాతకాలంలో ఇదే వాడారు, 1650లో లండన్‌లో ఆయన సంభాషణలు ఇంగ్లీషులో అచ్చేసినప్పుడు రచయిత పేరు సి. కుసానుస్ అని వేశారు. ఆ సి మన ఇనీషియల్ లాంటిది అనుకునేరు, కార్డినల్‌కి పొట్టి.

లిస్టులో అక్షరక్రమం దగ్గర ఇంకో తంటా. ఇంగ్లీషు లైబ్రరీ కేటలాగుల్లో ఈయన ఎన్ అక్షరం కింద ఉంటాడు, నికొలస్, ఆఫ్ కూసా, కార్డినల్, 1401-1464 అని. కొన్ని పుస్తకాల చివర సూచికల్లో సి కింద కుసానుస్ అని. జర్మన్ పుస్తకాల్లో నికోలౌస్ ఫాన్ కూస్, అది కూడా ఎన్ కిందే, కానీ స్పెల్లింగ్ వేరు, మధ్యలో హెచ్ ఉండదు, సి బదులు కె. హైడెల్‌బెర్గ్ అకాడమీ 1932లో మొదలెట్టి 2005లో పూర్తిచేసిన లాటిన్ సంపుటాల మీద నికొలాయ్ డే కూసా. ఇటలీవాళ్లకి నికొలో కుసానో, ఆ పేరుతో రోమ్‌లో ఒక యూనివర్సిటీయే ఉంది. మా బావమరిది ఏదో ఆన్‌లైన్ పుస్తకాల షాపులో ఒక పేరుతో వెతికి లేదనుకుని, ఇంకో పేరుతో దొరికితే కొన్నాడు, వచ్చింది చూస్తే ముందే ఇంట్లో ఉన్న పుస్తకమే, అట్ట మీద రచయిత పేరు మాత్రం వేరు, స్కాన్ చేసి అచ్చేసిన చవకరకం, పేజీలు వంకర. రిటర్న్ తీసుకోమన్నారు. షాపు పేరెందుకులెండి.

పలకడం కూడా చూసుకోండి. ఇంగ్లీషువాళ్లు క్యూసా అంటారు, కూసా అన్నా ఎవరూ ఏమనరు. ఊరి పేరు రాతలో కె, యూ, ఈ, ఎస్ అని ఉంటుంది కదా అని మనవాళ్లు క్వెస్ అనీ క్యూస్ అనీ లాగుతారు, రైన్ ప్రాంతపు పేర్లలో అలా వచ్చే ఈ పలకదు, ముందు అచ్చుని సాగదీయడానికి పెడతారు, అంతే. కూస్ అనండి, బస్సు డ్రైవర్‌కి కూడా అర్థమవుతుంది. తెలుగులో ఎలా రాయాలంటే నా ఓటు కుసానుస్‌కే, పొట్టిగా ఉంది, ఏ దేశంవాళ్లకి చెప్పినా ఎవరో తెలుస్తుంది. చంద్రుడి ఉత్తర భాగంలో ఒక గుంటకి కూడా ఈ పేరే పెట్టారు.

మనకి సంబంధం ఉన్న ముక్క ఒకటుంది, టూర్‌లో ఎవరూ చెప్పలేదు కానీ నేను చెప్తా. 1453లో తుర్కులు కాన్‌స్టాంటినోపుల్ పట్టుకున్నారన్న వార్త విని ఆయన డే పాచే ఫిదేయి అని ఒక పుస్తకం రాశాడు, దేవుడి సభలో లోకంలోని జాతులన్నిటి నుంచి ఒక్కో జ్ఞాని వచ్చి వాదించుకున్నట్టు. అందులో అరబ్బు, యూదుడు, పర్షియావాడు, తుర్కువాడు, వాళ్లతో పాటు ఒక భారతీయుడు కూడా ఉంటాడు, మరి మా విగ్రహాల సంగతేంటి అని అడుగుతాడు. పద్ధతులు వేరైనా మతం ఒకటే అన్నది ఆ పుస్తకంలో వాదం, చివరికి అన్నీ తిప్పి తిప్పి క్రైస్తవం దగ్గరికే తెస్తాడులెండి, ఆ కాలపు కార్డినల్ ఇంకేం చేస్తాడు. అయినా వాస్కో డ గామా కాలికట్‌లో దిగడానికి నలభై ఐదేళ్ల ముందు, మోజెల్ పడవవాడి కొడుకు ఊహలో మనవాడికి కూడా ఒక కుర్చీ వేశాడు. ఆ పాత్రకి పేరు పెట్టలేదు పాపం, ఒట్టి భారతీయుడు అంతే.

పుట్టిన ఇల్లు వేరే ఉంది, నది ఒడ్డునే నికోలౌసూఫెర్ రోడ్డు మీద, ఆశ్రమం నుంచి నడిచేంత దూరం. లోపల ఆయన జీవితం మీద ఎగ్జిబిషన్. ఆశ్రమం చూశాక అది కొంచెం చప్పగా అనిపించొచ్చు, టైముంటే ముందు ఇల్లు చూసి తర్వాత ఆశ్రమానికి రండి.

ఆశ్రమం ఆవరణలోనే వైన్ మ్యూజియం, కింద కమానుల సెల్లార్లో వినోథెక్ ఉన్నాయి. మోజెల్ వైన్లు రకరకాలు రుచి చూడొచ్చు, తాగనివాళ్లు కూడా ఆ సెల్లార్ చూడటానికి ఒకసారి దిగండి. డ్రైవ్ చేసేవాళ్లు పైనే ఆగండి, నేనలాగే ఆగాను, మా ఆవిడా బావమరిదీ కిందకెళ్లి ఎంతసేపటికీ రాలేదు, వచ్చాక రీస్లింగ్ మీద నాకు క్లాసు పీకారు. ద్రాక్షరసం సీసాలు కూడా దొరుకుతాయి మోజెల్ పక్క, పిల్లలకి అవి కొనండి.

వెళ్లడం: రైల్లో అయితే కోబ్లెంజ్, ట్రియర్ మధ్య లైన్లో విట్లిఖ్ మెయిన్ స్టేషన్‌లో దిగి బస్సు. ఊళ్లోకి ఒకప్పుడు రైలుండేది, ఇప్పుడా పట్టాల దారిని సైకిల్ ట్రాక్ చేశారు, సైకిలున్నవాళ్లకి పండగే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కార్లో రెండు గంటలు అటూఇటూ. సెప్టెంబర్, అక్టోబర్‌లో ద్రాక్ష కోతల టైములో వెళ్తే బాగుంటుంది కానీ పార్కింగ్‌కి చుక్కలు కనిపిస్తాయి. తిండికి బెర్న్‌కాస్టెల్ వైపే నయం, శాకాహారులకి చీజూ ఉల్లిపాయా వేసిన ఫ్లామ్‌కూఖెన్, పల్చటి పిజ్జా లాంటిది, దొరుకుతుంది, పంది మాంసం ముక్కలు లేకుండా అని ముందే చెప్పాలి. మేం పులిహోర పట్టుకెళ్లాం, నది ఒడ్డున బెంచీలున్నాయి.

వచ్చాక చదవాలనిపిస్తే డబ్బులు తగలెయ్యకండి. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేసిన జాస్పర్ హాప్కిన్స్ ఆయన లాటిన్ రచనల్ని ఇంగ్లీషులోకి తెచ్చి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు, నికొలస్ ఆఫ్ కూసా పేరు కింద వెతకండి. లాటిన్ మూలం కావాలంటే ట్రియర్‌లో ఉన్న కుసానుస్ పరిశోధన సంస్థవాళ్ల పోర్టల్ ఉంది, దానికి కుసానుస్ అని కొట్టాలి. మా బావమరిది రెండూ బుక్‌మార్క్ చేసుకున్నాడు. పేపర్ మాత్రం ఇంకా రాయలేదు, అడిగితే వైన్ గురించి మాట్లాడుతున్నాడు.